మెడికల్ షాపులో ఫోన్ నంబర్ ఎందుకు అడుగుతారు? మీ మందుల చీటీ వెనక నడిచే బిజినెస్

వీడియో చూసే టైం లేనివాళ్ల కోసం, బస్సులో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినవాళ్ల కోసం, ఎప్పటిలాగే ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఈరోజు టాపిక్ మనందరం నెలకి ఒక్కసారైనా చేసే పని గురించి. మెడికల్ షాపుకి వెళ్తాం, చీటీ ఇస్తాం. కౌంటర్‌లో అన్న మందులు తీసిపెట్టి కంప్యూటర్ వైపు తిరిగి "ఫోన్ నంబర్ చెప్పండి" అంటాడు. వెనక నలుగురు నిలబడి ఉంటారు. అయినా పది అంకెలూ గట్టిగా చెప్పేస్తాం. "డిస్కౌంట్ వస్తుంది సార్" అంటే ఇంకా సంతోషంగా చెప్తాం.

ఆ నంబర్ పక్కన ఏం రికార్డ్ అవుతోందో ఒకసారి చూద్దాం. మీ పేరు, రాసిన డాక్టర్ పేరు, మందు పేరు, ఎన్ని, ఏ తేదీ. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ మందు పేరు అంటే దాదాపు జబ్బు పేరే. నెలనెలా థైరాక్సిన్ కొంటున్నారంటే థైరాయిడ్. మెట్‌ఫార్మిన్ అంటే షుగర్, అమ్మాయి అయితే పీసీఓఎస్ కూడా కావొచ్చు. ఎస్సిటలోప్రామ్ అంటే డిప్రెషనో, యాంగ్జైటీయో. డోల్యుటెగ్రావిర్ అంటే హెచ్ఐవీ. మీ రిపోర్టులు ఎవరూ చూడక్కర్లేదు, బిల్లు చూస్తే చాలు. పన్నెండు నెలల బిల్లులు వరసగా పెడితే మీ ఇంట్లోవాళ్లకి కూడా తెలియని మీ కథ బయటపడుతుంది.

ఇక్కడ ఒక విషయం క్లియర్‌గా చెప్పాలి. షాపువాళ్లు రికార్డ్ రాసుకోవడం తప్పు కాదు. కొన్ని మందులకి చట్టమే రాయమంటుంది. షెడ్యూల్ హెచ్1 అని ఒక లిస్ట్ ఉంది, 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. కొన్ని స్ట్రాంగ్ యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అలవాటు పడిపోయే ఆల్ప్రజోలామ్ లాంటివి అందులో ఉంటాయి. వాటిని అమ్మితే డాక్టర్ పేరు, అడ్రస్, పేషెంట్ పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారు అనేది రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే చూపించాలి. ఇది మనందరి మంచి కోసమే. గమనించారా, ఆ లిస్ట్‌లో ఫోన్ నంబర్ లేదు.

సో ప్రశ్న "రికార్డ్ ఉండొచ్చా" అని కాదు. ఒక పని కోసం రాసిన రికార్డ్‌ని ఇంకో పనికి, అంటే అమ్ముకోవడానికి, యాడ్స్ వేయడానికి, మార్కెటింగ్‌కి వాడొచ్చా అన్నది ప్రశ్న.

ముందు, ఈ డేటా ఎవరికి కావాలి? ఫస్ట్ కస్టమర్ మందుల కంపెనీ. ఏ డాక్టర్ ఎవరి బ్రాండ్ ఎక్కువ రాస్తున్నాడో తెలిస్తే, సేల్స్ టీమ్‌ని ఎక్కడికి పంపాలో తెలుస్తుంది. మీ చుట్టాల్లో ఎవరైనా మెడికల్ రెప్‌గా చేస్తుంటే "ఆర్‌సీపీఏ అంటే ఏంటి బావా" అని అడగండి. రిటైల్ కెమిస్ట్ ప్రిస్క్రిప్షన్ ఆడిట్. పేరు పెద్దది, పని చిన్నది. రెప్ మెడికల్ షాపు దగ్గర నిలబడి, ఫలానా డాక్టర్ దగ్గర్నుంచి ఏ బ్రాండ్ చీటీలు ఎన్ని వస్తున్నాయో కనుక్కుని రాసుకుంటాడు. ఒకప్పుడు డైరీలో, ఇప్పుడు కంపెనీ యాప్‌లో. తర్వాత అదే డాక్టర్ దగ్గరికి వెళ్లి కూర్చుంటాడు. డాక్టర్ గారు "మీ బ్రాండే రాస్తున్నాం కదయ్యా" అన్నా, నిజం రెప్‌కి ముందే తెలుసు.

మనోడు చేత్తో చేసే ఈ పనిని అమెరికాలో కంప్యూటర్లతో, దేశం మొత్తం మీద చేశారు. అక్కడ షాపులో మందు కొన్నప్పుడు తయారయ్యే రికార్డ్ నుంచి పేషెంట్ పేరు తీసేసి, డాక్టర్ పేరు మాత్రం ఉంచి, డేటా కంపెనీలకి అమ్ముతారు. వాళ్లు రిపోర్టులు తయారుచేసి మందుల కంపెనీలకి ఇస్తారు. ఈ బిజినెస్‌లో పెద్ద పేరు ఐఎంఎస్ హెల్త్. 1954లో మొదలైన కంపెనీ, ఇప్పుడు ఐక్యూవియా పేరుతో నడుస్తోంది.

దీన్ని ఆపాలని ముందు న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 2006లో చట్టం చేసింది. 2007లో వెర్మాంట్ కూడా చేసింది. వెర్మాంట్ చట్టం చెప్పింది సింపుల్‌గా ఇదీ: డాక్టర్ ఒప్పుకోకుండా, ఆయన ఏం రాస్తున్నాడో చెప్పే డేటాని మార్కెటింగ్ కోసం షాపులు అమ్మకూడదు, మందుల కంపెనీలు వాడకూడదు. రీసెర్చ్‌కి వాడుకోవచ్చు. డేటా కంపెనీలు, మందుల కంపెనీలు కోర్టుకి వెళ్లాయి. కేసు పేరు సోరెల్ వర్సెస్ ఐఎంఎస్ హెల్త్. 2011 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పు ఇచ్చి ఆ చట్టాన్ని కొట్టేసింది.

కారణం వింటే ఆశ్చర్యపోతారు. వాక్ స్వాతంత్ర్యం! మార్కెటింగ్ కూడా ఒక రకం మాటే, అదే డేటాని మిగతా చాలామంది వాడుకోవచ్చని వదిలేసి, మందుల కంపెనీ మార్కెటింగ్‌ని మాత్రమే ఆపడం రాజ్యాంగానికి విరుద్ధం అని జస్టిస్ కెనడీ రాశారు. ఇది మామూలు వ్యాపార నియంత్రణే, ఇందులో వాక్ స్వాతంత్ర్యానికి వచ్చిన నష్టం పెద్దగా లేదు అని జస్టిస్ బ్రేయర్ అసమ్మతి రాశారు.

ఈ తీర్పు మనకి నచ్చినా నచ్చకపోయినా, అందులో పనికొచ్చే పాయింట్ ఒకటుంది. కొన్ని తప్పనిసరి అవసరాలకి తప్ప ఈ సమాచారం ఎవరికీ ఇవ్వకూడదు అని గట్టిగా రూల్ పెట్టి ఉంటే అది వేరే కేసు అయ్యేదన్నట్టు కెనడీ రాశారు. అంటే ముందు తలుపు మూసి, దొడ్డిదారి తెరిచి పెడితే లాభం లేదు. ప్రైవసీ చట్టం రాసే ప్రతి దేశం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది.

"అన్నా, అక్కడ పేషెంట్ పేరు తీసేశారుగా, ఇంక ప్రాబ్లం ఏముంది?" అని అడుగుతారు. ఇక్కడే నాలో ఉన్న పాత సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ లేచి కూర్చుంటాడు. పేరు తీసేసినా, ఫలానా జనవరి బిల్లు, ఫలానా ఫిబ్రవరి బిల్లు ఒకే మనిషివి అని తెలియాలంటే ఏదో ఒక గుర్తు కావాలి. కామన్‌గా చేసే పని హ్యాషింగ్. ఫోన్ నంబర్‌ని ఎస్‌హెచ్ఏ-256 లాంటి ఫార్ములాలో వేస్తే పొడుగాటి పిచ్చి అక్షరాల వరస వస్తుంది. అందులోంచి వెనక్కి నంబర్ లెక్కకట్టలేం. వినడానికి సేఫ్.

కానీ ఒకే నంబర్‌కి ఎప్పుడూ ఒకే వరస వస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, 6, 7, 8, 9తో మొదలవుతాయి. అంటే మొత్తం సాధ్యమయ్యేవి 400 కోట్లు. మనకి పెద్ద నంబరే, గేమింగ్ గ్రాఫిక్స్ కార్డ్‌కి మాత్రం కొన్ని సెకన్ల పని. అన్ని నంబర్లనీ వరసగా హ్యాష్ చేసి, డేటాలో ఉన్న వరసతో పోల్చి చూస్తే నంబర్ దొరికిపోతుంది. వెనక్కి లెక్కకట్టాల్సిన పనే లేదు. హ్యాష్ చేసినంత మాత్రాన డేటా అనామకం అయిపోదని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఎఫ్‌టీసీ, 2024లో కంపెనీలకి మళ్లీ గుర్తుచేసింది కూడా. సీక్రెట్ కీ కలిపి హ్యాష్ చేస్తే బయటివాళ్లకి కష్టమవుతుంది, నిజమే. కానీ ఆ కీ ఎవరి చేతిలో ఉందో వాళ్లకి మీరు ఇంకా ఓపెన్ బుక్కే.

ఇది థియరీ కాదు. దక్షిణ కొరియాలో ప్రతి పౌరుడికీ 13 అంకెల రెసిడెంట్ నంబర్ ఉంటుంది. అప్పటి నంబర్లలో పుట్టిన తేదీ, ఆడా మగా, చివర్లో ఒక చెక్ అంకె ఉండేవి. చనిపోయినవాళ్ల మందుల చీటీల డేటాలో ఈ నంబర్లని అంకెల బదులు అక్షరాలుగా మార్చి ఇచ్చారు. హార్వర్డ్‌లో లటాన్యా స్వీనీ, జీ సూ యూ అనే ఇద్దరు ఆ డేటా తీసుకుని 2015లో ఒక పేపర్ రాశారు. 23,163 నంబర్లు ఉంటే 23,163 కూడా తిరిగి కనుక్కున్నారు. ఒక్కటి కూడా మిగల్లేదు.

నంబర్ పూర్తిగా తీసేసినా చిక్కే. ఇదే స్వీనీ చాలా ఏళ్ల క్రితం, 2000లో, పుట్టిన తేదీ, జెండర్, పిన్‌కోడ్ లాంటి జిప్‌కోడ్, ఈ మూడూ తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టొచ్చని లెక్కకట్టారు. దీన్ని మన ఊరికి తెచ్చుకోండి. ఒక చిన్న టౌన్, ఒక పిన్‌కోడ్, 24 ఏళ్ల అమ్మాయి, మూర్ఛకి వాడే ఒక అరుదైన మందు. ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? ఒక్కరే ఉండొచ్చు. పేరు రాయకపోయినా పేరు రాసినట్టే.

ఇక ఫోన్ సంగతి. గుడ్‌ఆర్‌ఎక్స్ అని అమెరికాలో మందుల మీద డిస్కౌంట్ కూపన్లు ఇచ్చే యాప్. దీని మీద 2023 ఫిబ్రవరిలో ఎఫ్‌టీసీ చర్య తీసుకుంది. ఎఫ్‌టీసీ ఆరోపణ ఏంటంటే, యూజర్ల ఆరోగ్య వివరాలు ఎవరికీ ఇవ్వమని మాటిచ్చి, ఫేస్‌బుక్, గూగుల్, క్రిటియో లాంటి యాడ్ కంపెనీలకి పంపారు. గుండె జబ్బు, బీపీ మందులు కొన్నవాళ్ల లిస్టులు తయారుచేసి, వాళ్ల ఈమెయిల్, ఫోన్ నంబర్, ఫోన్ యాడ్ ఐడీ ఫేస్‌బుక్‌కి అప్‌లోడ్ చేసి, వాళ్ల ప్రొఫైల్స్ పట్టుకుని యాడ్స్ వేశారు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు కానీ 15 లక్షల డాలర్లు కట్టడానికి, యాడ్స్ కోసం ఆరోగ్య డేటా ఇవ్వడం మానడానికి అంగీకరించింది. దొంగతనం జరగలేదు, హ్యాకర్ రాలేదు. యాప్‌లో పెట్టిన చిన్న ట్రాకింగ్ కోడ్ దాని పని అది చేసుకుపోయింది. అలాంటి కోడ్ పెట్టడం ఒక డెవలపర్‌కి సాయంత్రం టీ టైం లోపు అయిపోయే పని, అదే భయం.

"నాకు దాచుకోవడానికి ఏముంది?" అనేవాళ్లకి నా ఫ్రెండ్ సంగతి చెప్తాను, వాడి పర్మిషన్‌తోనే. హైదరాబాద్‌లో ఉద్యోగం, యాంగ్జైటీకి ట్యాబ్లెట్స్ వాడుతున్నాడు. ఒక షాపులో వాడి పేరు మీద పాత ఫ్యామిలీ నంబర్ ఉంది. అది ఊళ్లో వాళ్ల నాన్నగారి దగ్గర ఉన్న ఫోన్. నెల తిరిగేసరికి "మీ ట్యాబ్లెట్స్ అయిపోయే టైం అయింది" అని మందు పేరుతో సహా మెసేజ్ ఆయనకి వెళ్లింది. ఆయన ఊళ్లో ఆర్‌ఎంపీ గారికి చూపించి "ఇది దేనికి వాడతారు" అని అడిగాడు. అప్పుడే వీడికి సంబంధాలు చూస్తున్నారు. ఆ ఫోన్ కాల్ తర్వాత వీడు మందు మానేశాడు. ఇలాంటి మందులు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నిద్ర లేక, చేతులు వణుకుతూ ఆఫీసుకి వెళ్లిన వారం వాడికి ఇంకా గుర్తుంది. ఇప్పుడు మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు, బాగున్నాడు.

ఆ మెసేజ్ పంపినవాళ్లకి చెడు ఉద్దేశం ఏమీ లేదు. ఇంకో స్ట్రిప్ అమ్ముకోవాలి, అంతే. కానీ మన ఇళ్లలో ఫోన్ ఒకరిది కాదు, అందరిదీ. చీటీ బయటపడుతుందన్న భయం ఉంటే జనం డాక్టర్ దగ్గరికే వెళ్లరు. ప్రైవసీ పోతే ముందు పోయేది వైద్యం.

మరి మన చట్టం ఏమంటోంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు, ప్రైవసీ ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పారు. తర్వాత 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, షార్ట్‌గా డీపీడీపీ వచ్చింది. దీని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు ఆ నోటిఫికేషన్ నుంచి 18 నెలలకి అమల్లోకి వస్తాయని అందులో ఉంది.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన విషయం, అందులో ఉదాహరణగా ఒక మెడికల్ షాపే ఉంది. ఏడో సెక్షన్‌లో చూడండి. ఒకావిడ షాపులో కొని, డబ్బు కట్టినట్టు రసీదు ఫోన్‌కి పంపమని తన వివరాలు ఇస్తుంది. షాపువాళ్లు ఆ వివరాలని రసీదు పంపడానికి వాడుకోవచ్చు. నంబర్ రసీదు కోసం ఇస్తే రసీదు కోసమే. ఆరో సెక్షన్‌లో ఇంకో ఉదాహరణ: ఫోన్‌లో డాక్టర్‌ని చూపించే యాప్ మీ కాంటాక్ట్స్ కూడా అడిగింది, మీరు ఓకే కొట్టేశారు. అయినా వైద్యానికి కాంటాక్ట్స్ అవసరం లేదు కాబట్టి, ఆ ఓకే వైద్యం వరకే చెల్లుతుంది. ఇచ్చిన అనుమతిని ఎంత సులువుగా ఇచ్చామో అంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. అనుమతి అడిగే నోటీసుని తెలుగులో చదువుకునే ఆప్షన్ ఇవ్వాలి. 18 ఏళ్ల లోపు పిల్లల్ని ట్రాక్ చేసి యాడ్స్ వేయడం నిషేధం. డేటా భద్రంగా ఉంచకపోతే పెనాల్టీ 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది.

లోటు కూడా చెప్పాలి. ఈ చట్టంలో ఆరోగ్య డేటాకి ప్రత్యేకమైన స్థానం లేదు. మీ షూ సైజుకీ, మీ హెచ్ఐవీ మందుకీ ఒకే కేటగిరీ. కాగితం రిజిస్టర్‌లోనే ఉండిపోయిన రికార్డ్‌కి ఇది వర్తించదు. ఇక మనిషిని గుర్తుపట్టలేని డేటా అని పేరు పెట్టేస్తే చట్టం పరిధి దాటిపోయినట్టే, కానీ అలాంటి డేటా ఎంత గుర్తుపట్టలేనిదో ఇందాకే చూశాం.

సరే, చట్టం వచ్చేదాకా కూర్చోకుండా మనం ఏం చేయొచ్చు? నేను చేసేవి చెప్తాను.

ఒకటి, కౌంటర్‌లో నంబర్ అడిగితే "నంబర్ లేకుండా బిల్ చేయండి అన్నా" అని అడుగుతాను. చాలాసార్లు చేస్తారు. బిల్ మాత్రం కచ్చితంగా తీసుకోండి. బ్యాచ్ నంబర్ ఉన్న బిల్లే రేపు మందులో తేడా వస్తే మీ ఆధారం. డిస్కౌంట్ కోసం ఇవ్వాలనిపిస్తే లెక్క వేసుకోండి. 300 రూపాయల మందు మీద పది శాతం అంటే 30 రూపాయలు. జలుబు మందుకి ఓకే అనిపించొచ్చు. అన్ని మందులకీ ఆ రేటు ఓకేనా?

రెండు, నంబర్ ఇస్తే మీ నంబరే ఇవ్వండి. అమ్మదో, హాస్టల్ ఫ్రెండ్‌దో ఇవ్వొద్దు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా సెట్టింగ్ మార్చుకోండి.

మూడు, మందుల యాప్‌లో కాంటాక్ట్స్, లొకేషన్ పర్మిషన్లు తీసేయండి. "ఆఫర్లు పంపండి" అని ముందే టిక్ పెట్టి ఉన్న బాక్స్ తీసేయండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాడ్స్ సెక్షన్‌కి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయొచ్చు. ఐఫోన్‌లో ట్రాకింగ్ రిక్వెస్ట్‌లు ఆఫ్ చేయొచ్చు.

నాలుగు, చీటీ ఫోటో వాట్సాప్‌లో పంపేటప్పుడు అడ్రస్, అక్కర్లేని వివరాలు క్రాప్ చేయండి. ఏఐ చాట్‌బాట్‌కి "ఈ మందు దేనికి" అని అడగాలంటే చీటీ ఫోటో పెట్టక్కర్లేదు, మందు పేరు టైప్ చేస్తే చాలు. ఆభా అని 14 అంకెల హెల్త్ ఐడీ ఉంది కదా, అది తీసుకోవడం మీ ఇష్టం, కంపల్సరీ కాదు. తీసుకుంటే ఎవరికి అనుమతి ఇచ్చారో యాప్‌లో చూసుకుని, అక్కర్లేనివి రద్దు చేయండి.

ఐదు, యాప్‌లో ఉండే ఫిర్యాదుల అధికారికి ఒక మెయిల్ పెట్టండి. ఇలా రాస్తే చాలు: "నా మందుల కొనుగోళ్లకి సంబంధించి మీ దగ్గర ఏ వివరాలు ఉన్నాయి? వాటిని ఎవరెవరికి ఇచ్చారు? మార్కెటింగ్‌కి నా అనుమతి వెనక్కి తీసుకుంటున్నాను, దానికోసం దాచిన వివరాలు తొలగించండి." ఎవరికి ఇచ్చారో అడిగే హక్కుని కొత్త చట్టం స్పష్టంగా రాసింది. జవాబు వచ్చినా రాకపోయినా ఆ మెయిల్ దాచుకోండి.

చివరిగా ఒక జాగ్రత్త. ప్రైవసీ పేరుతో డాక్టర్ దగ్గర, ఫార్మసిస్ట్ దగ్గర ఏమీ దాచకండి. మీరు వాడే మందులన్నీ వాళ్లకి తెలియాలి, రెండు మందులు పడకపోతే ప్రమాదం మీకే. వాళ్లకి చెప్పింది వాళ్ల దగ్గరే ఆగాలి, అంతే మనం అడిగేది.

మీకు ఏదైనా యాప్ నుంచో, షాపు నుంచో జవాబు వస్తే నాకు పంపండి. పేర్లు, నంబర్లు కొట్టేసి పంపండి సుమా! బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో చదువుదాం. ఉంటాను మరి, బై.